పదకొండు నిమిషాల సాక్ష్యం

దావీదురాజు సాక్ష్యం బద్వేలులో మా చర్చి సంఘంలోని పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం కృతజ్ఞత కూటంలో దేవుడు తనకు చేసిన మేలు చెప్పడానికి ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకోగానే, వెనక బెంచీల వాళ్లు ఆయనతో పాటు పెదవులు కదుపుతారు. "డెబ్బై ఒకటో సంవత్సరం, డిసెంబరు నెల, పంజాబు సరిహద్దు. ముందు మనిషి కనపడని మంచు" అని మొదలవుతుంది. ఇరవై ఒక్క ఏళ్ల సైనికుడు మందుపాతరలు నాటిన పొలంలోకి దారి తప్పి వెళ్లడం, ఇంకో అడుగు వేస్తే చావేనని తెలిసి కొయ్యబారి నిలబడడం, ప్రార్థన చేసుకోవడం, అప్పుడు మంచులోంచి ఒక చెయ్యి రావడం. "నా అడుగుల్లో అడుగు వెయ్" అన్న స్వరం. బయటపడి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. "ఎవరూ లేరు, ప్రియులారా" అని ఆయన ఆగుతాడు. వచ్చింది దేవదూతేనని సంఘమంతా స్తోత్రం అంటుంది. ఇదంతా పదకొండు నిమిషాలు.

ఈ సాక్ష్యం మొదటిసారి విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ రోజు మా నాన్న తాగి వచ్చి, అమ్మను రెక్క పట్టి ఇంటికి లాక్కుపోదామని చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దావీదురాజు మాట్లాడుతున్నాడు. నాన్న గుమ్మం దాటి లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. మరునాటి నుంచి సారా ముట్టలేదు. నేను చదువుకుని ముప్పై నాలుగేళ్లు టీచరుగా బతికానంటే ఆ పదకొండు నిమిషాల చలవే. కాబట్టి ఆ దేవదూత మీద నాకు వేరేవాళ్ల కంటే కాస్త ఎక్కువ హక్కుందని అనుకునేదాన్ని.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేని రోగం నాది. కడపలో ఒక చిన్న బృందం, యుద్ధాలు చూసిన మాజీ సైనికుల మాటలు రికార్డు చేసి రాబోయే తరాల కోసం దాచిపెడుతోందని తెలిసి, బద్వేలు చుట్టుపక్కల పని నేను చేస్తానన్నాను. నా పద్ధతి ఒక్కటే. దగ్గు వచ్చినా, కుక్కరు కూత వేసినా, దేన్నీ కొయ్యను. మనిషి ఎలా చెప్పాడో అలాగే ఉండాలి. తొమ్మిది మందిని రికార్డు చేశాక నాకు ఇంకో సంగతి కూడా తెలిసింది. యుద్ధం గురించి అడిగితే వీళ్లు కవాతు చేసినట్టు చెప్తారు. ఒక సుబేదారు గారు యుద్ధం మొత్తాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసి, తనకు సరిపోని బూట్ల గురించి మాత్రం అరగంట చెప్పాడు. ఆ అరగంటలోనే నాకు యుద్ధం కనిపించింది. అప్పటి నుంచి చిన్న ప్రశ్నలే అడుగుతున్నాను.

పదో మనిషి దావీదురాజు. పోయినేడాది నవంబరులో ఆయన ఇంటికి వెళ్లి ఫోను ముందు పెట్టాను. ఆయన చొక్కా సర్దుకున్నాడు. పదకొండు నిమిషాలు. నీళ్లు తాగించి, ఇంకోసారి వివరంగా చెప్పమన్నాను. మళ్లీ పదకొండు నిమిషాలు, అక్షరం తేడా లేదు. చివర్లో నా వైపు చూసి "ప్రియులారా" అన్నాడు కూడా.

"దావీదన్నా, ఈడ సంఘం లేదు. నేనొక్కదాన్నే ఉండా" అన్నాను.

"ఇంకేం చెప్పాలమ్మా? జరిగింది అదే."

"సరే. ఆ పొద్దున ఏం తిన్నావు?"

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. "రొట్టె. రొట్టె, చెనిక్కాయల పొడి" అన్నాడు.

"పంజాబు సరిహద్దులో చెనిక్కాయల పొడి యాడిదన్నా?"

"బుడేన్‌కు ఇంటికాడ్నించి వచ్చిండె. పాలపొడి డబ్బాలో పోసి, మూతకు గుడ్డ కట్టి..." అంటూ ఆగిపోయాడు.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "బుడేన్ ఎవరు?" అన్నాను.

ఆయన ఫోను వైపు చూశాడు. "దాన్ని ఆపు ప్రసన్నమ్మా."

"ఆపమంటే ఆపుతా. ఇంతవరకు ఎక్కింది మాత్రం తుడపను" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మొండితనానికి నాకే సిగ్గేస్తుంది. లోపల ఆయన కోడలు మిక్సీ వేసింది. అది ఆగాక "ఉండనీలే" అన్నాడు. తర్వాత చెప్పింది సాక్ష్యం గొంతుతో కాదు.

"బుడేన్ సాహెబ్. వేంపల్లెవాడు. మా దళంలో కడప జిల్లావాళ్లం మేమిద్దరమే. ఆ డబ్బా ముందురోజే వచ్చింది. కొత్త పెండ్లాము చేసి పంపింది. ఒట్టి ఉప్పుకషాయం అమ్మా. నగుకుంటా తింటిమి. 'ఇంటికి పోయినాక చెప్తా ఈయమ్మ పని' అనె. నాకు నాలుక పిడచ కట్టుకపోయె. నీళ్లు ఐపోయిండె."

వాళ్ల పని మందుపాతరలు వెతికి తీసేయడం. తీసిన మేరకు అటూ ఇటూ తెల్ల పట్టీ పరిచి దారి గుర్తు పెడతారు. దాన్ని వాళ్లు గీత అనేవారు. గీత దాటకూడదు. గీత అవతల పొలంలో చేతిపంపు ఉందని దావీదురాజు ముందురోజే చూసి పెట్టుకున్నాడు. నాలుగడుగులే కదా అని సీసా పట్టుకుని దాటాడు. మంచులో పంపు కనపడలేదు. వెనక్కి తిరిగితే పట్టీ కూడా కనపడలేదు.

"కేకేస్తి. వాడు వచ్చినాడు. పొట్టమీద పండుకోని, బాకుతో నేల పొడుచుకుంటా, జానెడు జానెడు. నా కాడికొచ్చి లేచి చెయ్యి ఇచ్చె. 'నా అడుగుల్లో అడుగు వెయ్‌రా' అనె. బయటికొస్తిమి. అప్పుడు చూసుకుంటే నా సీసా లేదు. భయంలో యాడనో కింద పెట్టినట్టుండా. సామాను పోగొడితే శిక్ష. 'నా సీసా ఆడే ఉండాదిరా' అంటి. నేనే అంటి. 'ఉండు, నేను చేసిన దారే కదా' అని వాడు తిరుక్కునె. నేను పట్టీ ఇవతలికి పోతాండా. ఎనకాల పేలె. తిరిగి చూస్తే ఎవరూ లేరు."

పై అధికారులు ఏం జరిగిందని అడిగితే, నాకు తెలీదు సార్ అన్నాడు. గీత దాటింది తనేనని చెప్పడానికి భయం. గీత దాటి వెళ్లి చనిపోయాడని బుడేన్ పేరు మీద రాసుకున్నారు.

"మరి దేవదూత?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"ఇంటికొచ్చినాక సాక్ష్యం చెప్పమనిరి. 'ఒక చెయ్యి వచ్చింది' అని ఆగినా. వాని పేరు చెప్దామనే ఆగినా ప్రసన్నమ్మా. నోరు రాలా. ఇంతలో అప్పటి పాస్టరయ్య లేచి 'దేవదూత' అనె. సంఘమంతా స్తోత్రం స్తోత్రం అనిరి. నేను కూసున్నా. మర్సటేడు మళ్లా చెప్పమనిరి. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించె. కొన్నేండ్లుగా వాని మొగమే గుర్తుకు రాలేదు. నువ్వు తిండి సంగతి అడిగితివి, వచ్చినాడు."

నాకు ఒళ్లు మండింది. చనిపోయినవాడి గురించి తర్వాత గుర్తొచ్చింది, ముందు నా గురించే మండింది. మా నాన్న ఎవరిని నమ్మి సారా మానేసినట్టు? నేను ఎవరి చలవతో చదువుకున్నట్టు? ఫోను సంచిలో వేసుకుని లేచాను. ఆయన గుమ్మం దాకా వచ్చి, "డిసెంబరు వస్తాండాది. నేను లేచి ఏం చెప్పాల?" అన్నాడు. అది మీరే తేల్చుకోండి అన్నాను. అంతకుముందు ఆయన్నెప్పుడూ మీరు అనలేదు.

ఇంటికొచ్చాక ఆ రికార్డు తుడిచేద్దామని వేలు పెట్టి, తీశాను. నెలరోజులు ఎవరికీ చెప్పలేదు, ఎనభై నాలుగేళ్ల మా అమ్మ విశ్వాసమ్మకు కూడా.

డిసెంబరు ఆఖరి ఆదివారం వచ్చింది. దావీదురాజు లేచాడు. ఈసారి మానేస్తాడనుకున్నాను. మామూలుగానే మొదలుపెట్టాడు, డెబ్బై ఒకటో సంవత్సరం, పంజాబు సరిహద్దు, మంచు. వెనక బెంచీల్లో పెదవులు కదిలాయి. "అప్పుడు ఒక చెయ్యి వచ్చింది" అని ఆగాడు. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"అది బుడేన్ సాహెబ్ చెయ్యి" అన్నాడు. "వేంపల్లె ఆయనది. కొత్తగా పెండ్లి అయినోడు. నీళ్ల కోసం గీత దాటింది నేను. నాకోసం ఆయన దాటినాడు. నా సీసా కోసం మళ్లా పోయి సచ్చిపోయినాడు. నేను నోరు మూసుకున్నా. దేవదూత అని మీరంటే కాదనలేదు. యాభై రెండేండ్లు కాదనలేదు. నన్ను క్షమించండి."

కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు గబగబా పాట ఎత్తుకున్నారు. కూటం అయ్యాక చాలామంది దావీదురాజును తప్పుకుని వెళ్లారు. ఒక పెద్దమనిషి మాత్రం నిలబడి, "ఈ వయసులో ఇప్పుడెందుకయ్యా ఇదంతా, బాగున్న దాన్ని చెడగొట్టడం కాకపోతే" అన్నాడు. నెల కిందట నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. ఇంకొకరి నోట వింటే మాత్రం అసహ్యం వేసింది.

మా అమ్మ చేతికర్ర పట్టుకుని మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది. "దావీదూ, ఆ పిల్లోని పేరు ఇంకోసారి చెప్పు. ప్రార్థనలో పెట్టుకుంటా."

"సచ్చిపోయినాడు కదమ్మా" అన్నాడు దావీదురాజు. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే అలవాటు మాలో లేదు.

అమ్మ కాస్త ఆలోచించింది. "పెండ్లాము ఉండిందంటివే. ఆ పిల్ల బతికుండాదా?"

"తెలీదమ్మా" అన్నాడు. "పోయి చూసిరా. పేరు కనుక్కోనిరా" అని అమ్మ మెట్లు దిగింది.

ఆ సాయంత్రం అమ్మతో అన్నాను, నాన్న మానింది ఒట్టి అబద్ధం విని కదా అని. అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీ నాయనకు దేవదూతతో ఏం పనమ్మీ. ఆ పొద్దు దావీదు చెప్తా చెప్తా ఏడ్చె. మగోడు అంతమందిలో ఏడ్చేది మీ నాయన అంతకుముందు చూడలా. రాత్రి నాతో అదే చెప్పె, వాడెవరికోసమో ఏడ్చినాడు విశ్వాసూ అని." ఇన్నేళ్లూ ఆ సంగతి నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు కదా అంది.

కడప బృందం వాళ్లు వేంపల్లె చిరునామా కనుక్కున్నారు. బుడేన్ సాహెబ్ భార్య పేరు మహబూబ్ బీ. బతికే ఉంది. కొడుకు జావేద్ మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. జనవరి మొదటి వారంలో దావీదురాజూ నేనూ బస్సెక్కాం. కడప బస్టాండులో ఆయన ఒక స్తంభం చూపించాడు. "డెబ్బై నాలుగులో ఈడిదాకా వచ్చినా. బత్తాయిలు కొనుక్కోని, వేంపల్లె బస్సుకు ఎదురుగ్గా నిలబడి, బద్వేలు బస్సెక్కి ఇంటికి పోయినా. ఆ బత్తాయిలు మేమే తింటిమి." నా కోపం అప్పటికే చాలావరకు పోయింది. ఉన్న కాస్తా ఆ స్తంభం దగ్గర పోయింది.

మెకానిక్ షాపు వెనకే ఇల్లు. మహబూబ్ బీ చిన్న మనిషి, చురుకైన కళ్లు. తన భర్తతో పాటు పనిచేసిన ఆయన అని చెప్పగానే, ముందు అన్నం తినండి, మాటలు తర్వాత అంది. వద్దంటే వినలేదు. పప్పు, వంకాయ కూర. జావేద్ చేతులు కడుక్కుని వచ్చి, ఉప్పుగిన్నె తెచ్చి మా కంచాల మధ్య పెట్టాడు. పప్పులో ఉప్పు లేదు. కూరలోనూ లేదు. పెద్దామెకు బీపీ కాబోలు అనుకుని నా మటుకు నేను చిటికెడు వేసుకున్నాను. దావీదురాజు నాలుగు ముద్దలు బలవంతంగా మింగాడు.

తర్వాత ఆమె అనుమతి అడిగి ఫోను పెట్టాను. ఆయన చొక్కా సర్దుకున్నాడు. పాపం, ఆయనకు ఇంకో విధంగా చెప్పడం చేతకాదు. డెబ్బై ఒకటో సంవత్సరం, డిసెంబరు నెల అని మొదలుపెట్టాడు. సాక్ష్యం మాటల్లోనే, దేవదూత ఉన్నచోటల్లా బుడేన్‌ను నిలబెట్టుకుంటూ చెప్పాడు. సీసా సంగతి చెప్పాడు. నాకు తెలీదు సార్ అన్న సంగతి చెప్పాడు. ఒకచోట అలవాటు కొద్దీ ప్రియులారా అనేసి, తడబడి, అమ్మా అని దిద్దుకున్నాడు.

జావేద్ గుమ్మానికి ఆనుకుని నేలవైపు చూస్తున్నాడు. తండ్రి పోయినప్పుడు అతను తల్లి కడుపులో ఉన్నాడు.

మహబూబ్ బీ గోడమీది ఫోటో వైపు తిరిగింది. "తన తప్పు వల్లనే పోయినాడని చెప్పిరి మాకు. గీత దాటినాడంట అని మా అత్త చనిపోయేదాకా అంటాండె. నేనూ అంటాంటి. ఫోటో తుడిచినప్పుడంతా అడుగుతాంటి, కడుపుతో పెండ్లాము ఉండాదని తెలిసీ గీత ఎందుకు దాటినావని. యాభై మూడేండ్లు కొట్లాడినా అన్నా ఆయనతో."

"తప్పు నాదమ్మా" అన్నాడు దావీదురాజు. "కొట్లాడితే నాతో కొట్లాడు."

ఆమె కొట్లాడలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత, "అన్నా, డబ్బా అందిందా?" అంది.



"చెనిక్కాయల పొడి. పాలపొడి డబ్బాలో పోసి పంపిస్తి. పంపినాక రోట్లో మిగిలింది నాలిక్కేసుకుంటే ఉప్పు ఎక్కువైనట్టు అనిపించె. కొత్త కదా, రెండుమార్లు ఏసినట్టుండా. నగుతాడో తిడతాడో అని జాబు కోసం చూస్తాంటి. తంతి వచ్చె." ఆమె వేళ్లు ఆగిపోయాయి. "నీళ్ల కోసం పోయినానంటివే అన్నా. ఉప్పు ఎక్కువైందా?"

యాభై రెండేళ్ల అబద్ధాన్ని సంఘమంతటి ముందు దించి వచ్చిన మనిషి ఆయన. ఆ పొద్దు నిజం చెప్పడానికే నూరు కిలోమీటర్లు వచ్చాడు. నేను ఫోను వైపు చూడలేదు, ఆయన వైపూ చూడలేకపోయాను.

"సరిపోయిందమ్మా" అన్నాడు దావీదురాజు. "సరిగ్గా సరిపోయింది. ఇద్దరం సగం డబ్బా తింటిమి. మా ఇంటామె చేతి పని అని అందరికీ చూపిచ్చె. నాకు ముందు పొద్దునించే జరం. అందుకు దప్పికైంది."

మహబూబ్ బీ కొంగు మొహం మీదికి లాక్కుంది. శబ్దం లేకుండా ఏడ్చింది. ఆ రోజు ఏడవనిది జావేద్ ఒక్కడే, అతను బయటికి వెళ్లి ఏదో బండి స్టార్ట్ చేసి ఊరికే యాక్సిలరేటర్ తిప్పుతూ నిలబడ్డాడు.

తిరుగు బస్సులో దావీదురాజు అడిగాడు. "అది గూడా ఎక్కిందా దాంట్లో?"

"ఎక్కిందన్నా."

"మా ఇంట్లో చెప్పింది?"

"అదీ ఉంది."

"రెండూ నేను చెప్పినవే" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

దగ్గు కూడా కొయ్యనని గొప్పలు పోయిన దాన్ని కదా, ఇంటికొచ్చి రెండు రోజులు తిండి సహించక తిరిగాను. చివరికి ఏమీ కొయ్యలేదు. ప్రతి రికార్డుకూ ఒక కాగితం నింపాలి. అందులో 'ఎప్పటివరకు ఎవరికీ వినిపించకూడదు' అని ఒక గడి ఉంటుంది. అప్పటిదాకా దాన్ని ఎప్పుడూ ఖాళీగానే వదిలేసేదాన్ని. బద్వేలు రికార్డు కాగితం మీద ఆ గడిలో 'మహబూబ్ బీ జీవించి ఉన్నంతకాలం' అని రాసి సంతకం పెట్టాను. వేంపల్లె రికార్డు నకలు జావేద్‌కు పంపాను. అమ్మ తన ప్రార్థనలో మహబూబ్ బీ పేరు పెట్టుకుంది.

మహబూబ్ బీ పోయిన ఆగస్టులో కన్నుమూసింది. నలభై రోజులైనాక జావేద్ బద్వేలు వచ్చాడు, తండ్రి గురించి ఇంకేమైనా ఉందా అని. గడువు తీరింది కాబట్టి మొదటి రికార్డు వినిపించాను. 'ఒట్టి ఉప్పుకషాయం' దగ్గర అతని మొహం వైపు చూశాను. అతను కోప్పడితే ఏం చెప్పాలో నేను ఆలోచించుకుని ఉంచుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

జావేద్ మొత్తం విన్నాడు. "ఇది రాసుకోండి టీచరమ్మా, మీకు ఎవరికి చెప్పాలనుంటే వాళ్లకు చెప్పుకోండి" అన్నాడు. ఇంకాసేపు కూర్చుని, టీ తాగి, చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"మాయమ్మ కూరల్లో ఎప్పుడూ ఉప్పు ఏసేది కాదు. చిన్నప్పటినించి మేం పైన ఏసుకోనే తిన్నాం. అడిగితే చెప్పేది కాదు. పోయిన జనవరిలో మీరు వచ్చి పోయిన మర్సటి పొద్దు ఏసింది."